బాణం గుర్తులు

పొద్దున ఏడు గంటలకే రెండో బకెట్టు కావలసి వచ్చింది. మొదటిదాంట్లో పదకొండు పంది పిల్లలున్నాయి. నిన్న సాయంత్రం ఎర్ర బల్బు వేడికి ఒకదాని మీద ఒకటి ఎక్కి హాయిగా పడుకున్నవే అవన్నీ. ముందు వాంతులు, తర్వాత నీళ్ళ విరేచనాలు, ఆ తర్వాత వణుకు. తెల్లారేసరికి తోలు ఎముకలకు అంటుకుపోయి, పుట్టిన రోజుకన్నా చిన్నవైపోయాయి.

ఆమె బకెట్టు ఎత్తలేక ఈడ్చుకుంటూ బయలుదేరింది. ఫారంలో ఆమెను అందరూ మంత్రసాని అంటారు. తల్లి పందులు ఈనే షెడ్డు ఆమెది. కాగితాల మీద ఆ ఉద్యోగానికి ఇంకేదో పెద్ద పేరుంది గానీ, అడ్డం తిరిగిన పిల్లను మోచేతి దాకా చెయ్యి పెట్టి సవ్యంగా తిప్పి లాగే మనిషిని మరేమని పిలుస్తారు? షెడ్డులో ఇరవై నాలుగు గదులు, గదికొక తల్లి. ప్రతి గది కమ్మీకీ తీగతో కట్టిన అట్టముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఏ రోజు ఈనింది, ఎన్ని పుట్టాయి, ఎన్ని నిలిచాయి, అన్నీ దాని మీద ఆమె చేతి రాతే. అవి కోడి గీతల్లా ఉన్నాయని మేనేజరు వెక్కిరిస్తాడు. ఆ కోడి గీతలు లేకపోతే ఆయన నెలవారీ రిపోర్టు ఒక్క లైను కూడా ముందుకు నడవదు, అది వేరే సంగతి.

ఇది మొదలై ఐదో రోజు. మూడు జబ్బులకు పరీక్షలు చేయించారు. మూడూ లేవని వచ్చింది. "చూశావా, ఏ రోగమూ లేదు" అని మేనేజరు ఆ కాగితాన్ని ఆమె ముఖం ముందు ఊపాడు. "మరి చచ్చేవి సరదాకి చస్తున్నాయా సార్?" అని అడిగింది ఆమె. ఆ మూడూ కాదు, ఇదేదో కొత్తది, ఈ వణుకు నేనెప్పుడూ చూడలేదు, చచ్చినవాటిని కాదు అప్పుడే జబ్బుపడ్డవాటిని తీసుకెళ్ళి చూడమనండి అని రోజూ చెబుతూనే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

చచ్చినవాటిని పూడ్చే గొయ్యి గేటు అవతల ఉంది. గేటు దగ్గరికి వచ్చి, అలవాటుగా "బాబాయ్, గేటు తియ్యి" అని కేకేసింది. కుర్చీలోంచి ట్రాక్టరు డ్రైవరు లేచాడు.

"బాబాయేడి?"

డ్రైవరు గేటుకు అంటించిన కాగితం చూపించాడు. బంక ఇంకా తడిగానే ఉంది. 'పాదశుద్ధి తొట్టి నిర్వహణయందలి నిర్లక్ష్యము వలన వ్యాధి ప్రబలినందున, గేటు కాపలాదారును విధుల నుండి తొలగించడమైనది. వ్యాధివ్యాప్తికి కారకులైన వారికి ఆవరణలోనికి ప్రవేశము లేదు.'

ఆమె రెండుసార్లు చదివింది. పాదశుద్ధి తొట్టి అంటే గేటు లోపల నేలలో కట్టిన మందునీళ్ళ తొట్టి. లోపలికొచ్చే ప్రతివాడూ బూట్లతో అందులో దిగి నిలబడి బయటికెక్కాలి. కాపలా పెద్దాయన ఎవర్నీ వదిలేవాడు కాదు. కంపెనీ నుంచి తెల్ల చొక్కాలు వేసుకుని వచ్చినవాళ్ళను కూడా "ముప్పై లెక్కపెట్టండి బాబూ, పైకే లెక్కపెట్టండి" అని బడిపిల్లల్లాగా లెక్కపెట్టించేవాడు. అలాంటి మనిషికి నిర్లక్ష్యమట.

బకెట్టు అక్కడే వదిలేసి ఆఫీసు గదికి నడిచింది. మేనేజరు చెవి దగ్గర ఫోనుంది. ఆ ఫోను ఆయన చెవికి మొలిచిందేమో అనిపిస్తుంది. ఆగమని చెయ్యి ఊపాడు. ఆమె ఆగలేదు.

"సార్, తొట్టి మందు ఎవరు పరీక్ష చేశారు?"

"ఉండమ్మా." ఫోను అరచేత్తో మూశాడు. "పైనుంచి సాయంత్రంలోగా కారణం రాయమన్నారు. పరీక్షల్లో రోగం లేదని వచ్చింది. రోగం లేకుండా పిల్లలు చస్తున్నాయంటే మనుషుల తప్పేగా? కారణం అన్న గడి ఖాళీగా పంపిస్తే తిరిగొస్తుంది."

"అందుకని ఆయన పేరు నింపారా? ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మీకు దొరికింది ఆ ముసలాయనేనా?"

"ఎవరిదో ఒకరి పేరు ఉండాలి కదమ్మా" అన్నాడు మేనేజరు, ఎంతో సబబైన మాట చెప్పినట్టు. మళ్ళీ ఫోను చెవికి పెట్టుకున్నాడు.

*

మధ్యాహ్నం పని దిగగానే ఆమె స్నానం చేసి, బట్టలు మార్చుకుని పెద్దాయన ఇంటికి వెళ్ళింది. చుట్టరికం కాదు, పిలుపే. కానీ పదేళ్ళుగా పిలుస్తూ ఉంటే పిలుపు కూడా చుట్టరికమే అవుతుంది.

పెద్దాయన మెట్టు మీద కూర్చుని పాత కుర్చీకి కాలు బిగిస్తున్నాడు. మేకు కొడుతున్నాడు, పీకుతున్నాడు, మళ్ళీ కొడుతున్నాడు. ఆ కుర్చీకి మరమ్మతు అవసరం లేదని చూస్తేనే తెలుస్తోంది.

"రా అమ్మాయ్" అన్నాడు. "లోపలికి రాకు, మీ పిన్ని అందరి మీదా మండిపడుతోంది."

పిన్ని లోపలినుంచే అందుకుంది. "మండిపడనా మరి? కొట్టుకెళ్తే కొట్టువాడు పప్పు పొట్లం చేతికియ్యడు. గోడ మీద పెట్టి, తీసుకోమ్మా అంటాడు. పందుల రోగం మీ ఇంటినుంచే వచ్చిందటగా, మాకూ అంటుకుంటుందా అని పక్కింటావిడ కిటికీలోంచి అడుగుతుంది. నలభై ఏళ్ళు కాపరం చేశాను, ఈ మనిషి చెయ్యి కడుక్కోకుండా మంచినీళ్ళ చెంబు ముట్టుకోగా చూడలేదు!"

"మందు ఎంత కలిపేవాడివి బాబాయ్?"

"పది లీటర్లకి మూడు మూతలు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. పాతనీళ్ళు పారబోసి, చీపురుతో తోమి, అప్పుడు కొత్తవి. పాతవాటిలో కొత్తవి కలపడం నా ఒంట్లో లేదు." సుత్తి పక్కన పెట్టాడు. "ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి. ఒక్కరూ అడగలేదమ్మాయ్. కాగితం చేతిలో పెట్టి, సంతకం చెయ్యమన్నారు. చేశాను."

"ఎందుకు చేశావు?"

"చెయ్యకపోతే ఏమవుతుందో తెలియక చేశాను. చేస్తే ఏమవుతుందో కూడా తెలియదనుకో."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మేనేజరు మీద, కాగితం మీద, ఆ మాట మీద నవ్వడానికి ప్రయత్నిస్తున్న పెద్దాయన మీద కూడా. "రోగం గేటు నుంచి రాలేదని నేను రుజువు చేస్తాను" అంది. "నా అట్టముక్కలున్నాయి. ఏ గదిలో ఏ రోజు మొదలైందో అన్నీ రాశాను. నీ పేరు ఆ కాగితం మీదనుంచి తీయించకపోతే నన్ను మంత్రసాని అని పిలవద్దు."

"సరే, అప్పుడేమని పిలవాలో ఇప్పుడే చెప్పి వెళ్ళు" అన్నాడు పెద్దాయన. లోపల పిన్ని మొదటిసారి నవ్వింది.

*

ఏడో రోజున ల్యాబు నుంచి డాక్టరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళుండవు. తనకన్నా పెద్ద సైజు బూట్లు వేసుకుని, తొట్టిలో నిలబడి, ఎవరూ చెప్పకుండానే ముప్పై దాకా లెక్కపెట్టుకుంది. మంత్రసానికి అక్కడే నచ్చేసింది.

వచ్చీ రాగానే డాక్టరమ్మ చచ్చిన పిల్లల్ని వదిలి, "ఇవాళే జబ్బుపడ్డది ఒకటి చూపించండి" అంది. మంత్రసానికి కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. వారం రోజులుగా తను మొత్తుకుంటున్నది అదే.

"ఇది కొత్తది" అంది డాక్టరమ్మ, చిన్న సీసాలకు మూతలు బిగిస్తూ. "ఇంకో రెండు చోట్ల కూడా కనిపించింది. పేరింకా పెట్టలేదు, మా దగ్గర దానికి ఒక అంకె మాత్రమే ఉంది. మీ పరీక్షల్లో దొరకదు, అవి వేరే జబ్బులకి కదా. ఇప్పటిదాకా మనుషులకి అంటిన దాఖలా లేదు."

"ఆ మాట మా ఊరి కొట్టువాడికి కూడా చెప్పి వెళ్ళండి డాక్టరమ్మా" అంది మంత్రసాని. ఇక ఊరుకోలేక ఇరవై నాలుగు అట్టముక్కలూ తీగల నుంచి విప్పి తెచ్చింది. దాణా గదిలో ఖాళీ గోనెసంచి పరిచి, దాని మీద షెడ్డులో గదులున్న వరసలోనే పేర్చింది. "చూడండి. గేటు నుంచి, బూట్లతో వస్తే ముందు ఏ గదులకి రావాలి? తలుపు పక్కనున్న ఒకటికి, రెండుకి. ఒకటీ రెండూ ఇవాళ్టికీ రాళ్ళలా ఉన్నాయి. మొదట పడింది ఇరవై. ఆ చివర! తర్వాత ఏడు, పదకొండు. ఆ తర్వాత ఇరవై రెండు. తొట్టిలో మందు తక్కువైతే రోగం తలుపు దగ్గరినుంచి గాల్లో ఎగిరి ఇరవైలో దిగిందా?"

డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. "ఎంత బాగా రాశారమ్మా" అంది. నిజంగానే అంది. తర్వాత ఇరవయ్యో గది అట్ట మీద వేలు పెట్టింది. "ఈ బాణాలేంటి?"

"అవా!" మంత్రసాని ముఖం వెలిగింది. అందరూ అడగాలని ఆమె కోరుకునే ప్రశ్న అదొక్కటే. "ఇరవైలో పదహారు పుట్టాయి. ఆ తల్లికి పాలొచ్చే చన్నులు పన్నెండే. మిగతా నాలుగూ గాలి తాగుతాయా? అందుకని వేరే తల్లుల దగ్గర వేస్తాను. రెండు ఏడుకి, రెండు పదకొండుకి వెళ్ళాయి. ఏ అంకె వైపు బాణం ఉంటే అక్కడికి పోయాయని గుర్తు."

"పరాయి పిల్లల్ని తల్లి రానిస్తుందా?"

"రానివ్వదు. కరుస్తుంది. అందుకని దాని సొంత పిల్లల్ని తుడిచిన తడిగుడ్డతోనే కొత్తవాటినీ తుడవాలి. వాసన ఒకటైపోతే చాలు, పంది ఇంటిపేరు అడగదు."

డాక్టరమ్మ నవ్వింది. "నీరసంగా ఉన్నవాటినే మారుస్తారా?"

"అబ్బే! నీరసంవి సొంత తల్లి దగ్గరే ఉండాలి. గట్టివాటిని మార్చాలి. పుట్టిన మర్నాడు, తల్లి మొదటి పాలు తాగాక. జబ్బుదాన్ని నేను చస్తే కదల్చను. ఇరవైలో నుంచి తీసిన నాలుగూ ముత్యాల్లా ఉన్నాయి ఆ రోజు."

డాక్టరమ్మ ఇంకాస్త ముందుకు జరిగింది. అట్టముక్కల్ని తీసి, గోనెసంచి మీద ఇంకో రకంగా పేర్చడం మొదలుపెట్టింది. పైన ఇరవై. దాని కింద ఏడు, పదకొండు. ఏడు కింద ఇరవై రెండు, ఎందుకంటే ఏడులో కొత్తవి వేశాక చోటు చాలక, దాని పిల్లలు రెండింటిని మంత్రసాని ఇరవై రెండుకి పంపింది. పదకొండు కింద తొమ్మిది, పదిహేను. జబ్బుపడ్డ తొమ్మిది గదుల్లో ఇరవై తప్ప మిగతా ఎనిమిదింటిలోకీ ఒక బాణం వచ్చింది. మిగిలిన అట్టముక్కల్ని వేరే కుప్పగా పెట్టింది. వాటిలోకి ఏ బాణమూ లేదు. ఆ గదుల్లో ఒక్క పిల్లా వణకలేదు.

"ఇది ఒంట్లోకి వెళ్ళేది మొదటిరోజే" అంది డాక్టరమ్మ మెల్లగా. "బయటపడేది మూడో రోజున. ఆ మధ్యలో పిల్ల చూడ్డానికి..."

"ముత్యంలా ఉంటుంది" అంది మంత్రసాని.

డాక్టరమ్మ చెప్పకముందే ఆమెకు అర్థమైంది. తన చేతి రాతను తను చదవలేకపోవడానికి ఆమె మేనేజరు కాదు. గట్టివాటిని ఏరి, తడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్క గదికీ తీసుకెళ్ళి ఇచ్చింది తను. ఆ గుడ్డ కూడా ఒక్కటే. ఎండలో ఆరేసి మర్నాడు అదే వాడేది.

"మొదట ఇరవైకి ఎలా వచ్చిందో ఇంకా తెలీదు" అంది డాక్టరమ్మ. "దాణానో, కొత్తగా తెచ్చిన పందో. నెల పడుతుంది తెలియడానికి. ఇందులో మీ తప్పేం లేదమ్మా, ఇది కొత్త జబ్బు, ఎవరికి తెలుసు?"

మంత్రసాని ఆ ఓదార్పు వినలేదు. "అయితే తొట్టి కాదుగా?" అని అడిగింది.

"తొట్టి కాదు."

గెలిచింది. రెండు రోజులుగా అనుకున్నది రుజువు చేసింది. గోనెసంచి పక్కన చతికిలబడి, తన రెండు చేతులనూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

సాయంత్రం ఐదో గదిలో తల్లి పదిహేను ఈనింది. పక్క గదిలో తల్లికి ఎనిమిదే పిల్లలు, చన్నులు ఊరికే కారిపోతున్నాయి. అడ్డంగా ఉన్నది ఒక కమ్మీ. మూడు పిల్లలు చోటు దొరక్క ఆ కమ్మీ మీద ముట్టె పెట్టి కీచుమంటున్నాయి. సీసాతో పాలు కలిపి పట్టింది. రెండు తాగాయి, ఒకటి నోరు తెరవలేదు. ఆమె చేతులు రెండుసార్లు తమంతట తామే దాని కిందికి వెళ్ళాయి. రెండుసార్లూ వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది.

*

మర్నాడు మేనేజరు ముందు నిలబడి మొత్తం చెప్పింది. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం కూడా బల్ల మీద పెట్టింది. "పెద్దాయన పేరు కొట్టేసి నా పేరు రాయండి" అంది.

మేనేజరు ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. అది ఆమె ఎప్పుడూ చూడని సంగతి.

"నీ పేరెలా రాస్తానమ్మా? రేపు ఆరు పందులు ఈనాలి. నువ్వు లేకపోతే ఎవరు లాగుతారు, నేనా?"

"నిజం రాయమంటున్నాను."

"నిజమే రాస్తే ఏం రాయాలో తెలుసా?" గొంతు తగ్గించాడు. "పిల్లల్ని మార్చే పద్ధతి వల్ల అని రాయాలి. ఆ పద్ధతి ఎంతో గొప్పదని పైవాళ్ళకి చెప్పి, నిన్ను మూడు ఫారాలకి పంపించి నేర్పించింది ఎవరు? నేను. రిపోర్టు వెళ్ళిపోయింది, వాళ్ళు ఒప్పుకున్నారు కూడా. కదిలించకు. ముసలాయన ఎలాగూ రెండేళ్ళలో మానేసేవాడే."

"అంటే ఆ మూడు ఫారాల్లో ఇప్పుడు..."

"తొట్లు తోముకోమని చెప్పాంలే."

ఇన్నాళ్ళూ నిజం చెబితే వినలేదు. ఇప్పుడు తప్పు ఒప్పుకుంటానన్నా వినడం లేదు. ఈ మనిషికి ఏ భాషలో చెప్పాలి? తలుపు వేయకుండా బయటికి వచ్చేసింది.

ఆ మర్నాడు ఆరు గంటలకు మంత్రసాని గేటు దాకా వచ్చి, లోపలికి రాలేదు. గేటు బయట రాయి మీద కూర్చుంది. ట్రాక్టరు డ్రైవరు పిలిచాడు. కదల్లేదు. ఏడింటికి మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒక కాలి బూటు వేసుకోనే లేదు.

"పదమ్మా! పన్నెండో గదిలో అడ్డం తిరిగినట్టుంది. గంట నుంచీ ముక్కుతోంది."

"నేను రాకూడదు సార్."

"ఎవరన్నారు?"

ఆమె గేటు మీది కాగితం చూపించింది. పదాలు విడదీసి పైకి చదివింది. "'వ్యాధివ్యాప్తికి కారకులైన వారికి ఆవరణలోనికి ప్రవేశము లేదు.' ఆ కారకురాలిని నేను. డాక్టరమ్మ కాగితం మీ బల్ల మీదే ఉంది. మీరు రాసిన రూలే, నేను పాటిస్తున్నాను."

"ఇప్పుడా వేళాకోళం?"

"వేళాకోళమాడే ముఖమా సార్ ఇది?"

షెడ్డులోంచి పంది అరుపు గేటు దాకా వినిపించింది. లోపల చెయ్యి పెట్టి తిప్పితే రెండు నిమిషాల పని. గోళ్ళు అరచేతుల్లో గుచ్చుకునేలా పిడికిళ్ళు బిగించి కూర్చుంది. మేనేజరు ఆమెను చూశాడు, షెడ్డు వైపు చూశాడు. చివరికి కాగితాన్ని గోళ్ళతో గీకి చించాడు. సగమే వచ్చింది, మిగతా సగం బంకతో ఉండిపోయింది.

"చాలా?"

"ఆయనకి ఫోన్ చేసి మీరే చెప్పండి. మీ నోటితో. నేను వినేలా."

మేనేజరు పళ్ళు కొరుక్కుంటూ ఫోను చేశాడు. "పెద్దాయనా, నేను. అదే... పొరపాటు జరిగింది. తొట్టి వల్ల కాదని తేలింది. నీ తప్పేం లేదు. ఇప్పుడే వచ్చెయ్యి."

అవతలినుంచి పెద్దాయన గొంతు తాపీగా వినిపించింది. "రేపొస్తానండీ. ఇవాళ ఇంట్లో కుర్చీ పనుంది."

ట్రాక్టరు డ్రైవరు నవ్వాపుకోలేక వెనక్కి తిరిగాడు. మంత్రసాని లేచి, తొట్టిలో దిగి, ముప్పై దాకా పైకే లెక్కపెట్టి, షెడ్డుకు పరుగెత్తింది. పన్నెండో గదిలో పిల్ల అడ్డంగానే ఉంది. దాన్ని తిప్పి లాగింది. అది చచ్చి పుట్టింది. దాని వెనకే తొమ్మిది బతికి పుట్టాయి.

చేతులు కడుక్కున్నాక, రిపోర్టు మార్చి ఆ మూడు ఫారాలకూ ఎప్పుడు పంపుతారని మేనేజరును అడిగింది. పైనుంచి అనుమతి రావాలి, వారం పడుతుంది అన్నాడు. ఆమె ఇక ఆయనతో వాదించలేదు. దాణా గదిలోకి వెళ్ళి తన ఫోను తీసింది. మొదటి ఫారంలో ఈనే షెడ్డు చూసే పిల్ల తన చేతి కింద నాలుగు రోజులు నేర్చుకుంది. అక్కా అని పిలుస్తుంది. రెండు మోతలకే ఫోన్ ఎత్తింది.

"అక్కా! నూరేళ్ళాయుష్షు నీకు, ఇప్పుడే నిన్ను తలుచుకున్నాను" అంది అటునుంచి, ఒగరుస్తూ, సంతోషంగా. "మొదట్లో కరిచేది చూడు, ఆ మొండిది, అది కూడా ఒప్పుకుందక్కా. నువ్వు చెప్పినట్టే అదే గుడ్డతో తుడిచాను. మంచి గట్టివి ఏరి ఐదింటిని వేశాను. ఐదూ చన్ను పట్టేశాయి. అక్కా? వినిపిస్తోందా?"